సిద్దప్ప బోణీ

చనిపోయినవాడు పాలు పోయడానికి వస్తాడా? రాడు. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు, మునీశ్వరికైతే ఇంకా బాగా తెలుసు. కానీ చౌడేపల్లె అవతల దిన్నెపల్లె పాల సెంటరులో, చలికి వేళ్లు కొంకర్లు పోతున్న పొద్దున, క్యాను వంచింది వెంకటప్ప అని కళ్లారా చూశాక, పాలు తూచే యంత్రంలోని స్పీకరు మాత్రం తాపీగా "సిద్దప్ప. నాలుగు లీటర్లు" అని పలికితే, ఆ తెలిసిన సంగతి కాస్తా ఎటు పోతుందో చెప్పడం కష్టం. ఆ యంత్రం సంగతి చూడమని కంపెనీ పంపితే వచ్చిన మునీశ్వరి ఒక అడుగు వెనక్కి వేసింది. సిద్దప్ప పోయి అప్పటికి పది నెలలయింది.

వరుసలో ఒకావిడ కొంగు తలమీదికి లాక్కుంది. వెంకటప్ప ఖాళీ క్యానును రెండు చేతులతో పట్టుకుని, మూత పెట్టడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు.

"ఇంటివి గదమ్మా" అంది సెంటరు సెక్రెటరీ ప్రమీల. "అది నా గొంతే. మెంబర్ల పేర్లన్నీ నేనే సెప్పి రికార్డు సేసినా. ఇప్పుడు నా గొంతు ఇంటే నాకే భయంగా ఉండాది."

మునీశ్వరిది కురబలకోట. వాళ్ల నాయన పాపయ్య గొర్రెలు కాసేవాడు. ఆమె మదనపల్లెలోనే ఇంజనీరింగు చదివి, మదనపల్లెలోనే పాల యంత్రాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరింది. పాలు తూచడం, వెన్న శాతం చూడటం, లెక్క రాసుకోవడం, పేరు పలకడం, ఇవన్నీ చేసే పెట్టె అది. పెట్టెకు బొమ్మ గీసేవాళ్లు వేరు, రేకు వంచేవాళ్లు వేరు. లోపల దాని బుద్ధి నడిపే ప్రోగ్రాములు రాసేది మునీశ్వరి. చుట్టాలెవరైనా ఏం ఉద్యోగమని అడిగితే "పాల మిషన్లు" అనేస్తుంది. వాళ్లు పాల వ్యాపారమనుకుని, గడ్డి ధర గురించి మొదలుపెడతారు. ఆమె కూడా ఓపిగ్గా జవాబు చెబుతుంది. ఆ మనిషి తీరే అంత.

ఇంతకీ సిద్దప్ప ఎవరు? ఆ ఊరి బోణీ చెయ్యి. సెంటరు పెట్టిన మొదటి రోజు ఆయన పాలు ముందు పోశాడు, ఆ వారం ఎవరి పాలూ విరగలేదు, అంతే, ఊరు ఊరంతా ఆయన చేతికి అతుక్కుపోయింది. రోజూ పొద్దున సిద్దప్ప పోస్తేనే తక్కినవాళ్లు పోసేది. ఆయన పెళ్లికో చావుకో వెళ్లి ఆలస్యంగా వస్తే, క్యాన్లు వరుసగా పెట్టుకుని జనమంతా చలిలో కాచుకునేవాళ్లు. లారీ డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసుక్కునేవాడు. సిద్దప్ప మాత్రం నవ్వుకుంటూ వచ్చి, సైకిలు దిగి, ఏమీ ఎరగనట్టు క్యాను ఎత్తేవాడట. శివరాత్రి దాటాక ఒకనాడు పొద్దున పాలు పోసి ఇంటికెళ్లి, ఆవు దగ్గరే కూలబడిపోయాడు. మళ్లీ లేవలేదు.

ఆ తర్వాత వెంకటప్ప బోణీ చేస్తున్నాడు. వానలు పోయేదాకా అంతా బాగానే నడిచింది. చలి మొదలయ్యాకే వచ్చింది తంటా. ప్రమీల భయపడి, యంత్రంలో సిద్దప్ప పేరు పలికే రికార్డు తీసేసింది. మరునాడు వెంకటప్ప పాలు పోస్తే స్పీకరు పేరు చెప్పకుండా కాసేపు ఆగి, "నాలుగు లీటర్లు" అని ఊరుకుంది. ఆ ఖాళీ విన్నాక జనానికి ఉన్న ధైర్యం కూడా పోయింది. వచ్చి నిలబడతాండాడు, నోరు మాత్రం తెరవడం లేదు, అన్నారు. ప్రమీల పరుగున పేరు మళ్లీ రికార్డు చేసి పెట్టింది. కనీసం ఎవరో తెలిస్తే మేలు కదా అని.

ఊళ్లో పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. సిద్దప్పకు ఆవంటే ప్రాణం. ఆ ప్రాణం ఆవు మీదే ఉండిపోయింది. అందుకని ముందు ఆయన భార్య రెడ్డెమ్మను సెంటరుకు పాలు తేవద్దన్నారు. పేరు ఆగలేదు. అయితే ఆవే ఊళ్లో ఉండకూడదన్నారు. అమావాస్య లోపల దాన్ని ఊరు దాటించాలని తీర్మానం. కుప్పం నుంచి ఒక దళారి వచ్చి పళ్లు కూడా చూసుకుని పోయాడు. రెడ్డెమ్మకు పొలం లేదు, పిల్లల్లేరు. ఉన్నది ఆ ఒక్క ఆవే.

మునీశ్వరి ఆ ఇంటికి వెళ్లింది. పెంకుటిల్లు, పక్కన రేకుల కొట్టం, అందులో నుదుట తెల్లమచ్చ ఉన్న ఎర్రావు. రెడ్డెమ్మ మజ్జిగ ఇచ్చింది. పాలు కొనేవాళ్లు లేక దూడకు తాగినంత తాగించి, మిగిలింది తోడు పెడుతోంది. ఆ మజ్జిగ తాగడానికి కూడా ఎవరూ ఆ గడప ఎక్కడం లేదు. గ్లాసు చేతిలో పెట్టి, మునీశ్వరి తాగుతుందో లేదోనని చూస్తూ నిలబడింది ఆవిడ. మునీశ్వరి తాగేసింది.

"ఆయప్ప వస్తాండాడో లేదో నాకు తెల్దమ్మా" అంది రెడ్డెమ్మ. "నేనూ ఒకనాడు పోయి సెంటరు గోడెనక నిలబడి ఇన్యా. పేరయితే ఇనిపించింది. వొచ్చేదే నిజమయితే ఆడికి యాల పోతాడు, ఇంటికి రాకుండా? అదే నాకు తెలీటం లేదు."

ఈ ప్రశ్నకు ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ జవాబు నేర్పరు. మునీశ్వరి గ్లాసు కింద పెట్టి, "మిషన్లో ఏదో తప్పుండాదమ్మా. నేను కనుక్కుంటా. అంతదాకా ఆవును అమ్మొద్దండి" అంది.

"అమావాస్య దాకానే నా సేతిలో ఉండేది" అంది రెడ్డెమ్మ.

మునీశ్వరి యంత్రంలోని లెక్కలన్నీ ల్యాప్‌టాపులోకి ఎక్కించుకుని, పుంగనూరులో బస్సు మారి మదనపల్లె చేరింది. దారి పొడుగునా స్పీకరు పలికిన ఆ రెండు ముక్కలే చెవిలో మోగుతున్నాయి. కండక్టరు "పుంగనూరు" అని అరిచినా సిద్దప్ప అన్నట్టే వినబడింది. తనకు కూడా పిచ్చి పడుతోందని భయపడింది.

ఆఫీసులో తన టేబులు మీద అచ్చం అలాంటిదే ఇంకో పెట్టె ఉంది. దిన్నెపల్లె లెక్కలన్నీ దాని మెమరీలో నింపింది. సిద్దప్ప లెక్కలతో సహా. ఇక చూడండి తమాషా, నీళ్లు పోసి ఎన్నిసార్లు తూచినా అది ఒక్క తప్పూ చెప్పలేదు. వెంకటప్ప మెంబరు నంబరు నొక్కితే వెంకటప్ప అంది. బుద్ధిమంతురాలిలా నడుచుకుంది. ఇంట్లో అల్లరి చేసే పిల్లాడు బడికి ఇన్‌స్పెక్టరు వస్తే చేతులు కట్టుకున్నట్టు.

కంపెనీ యజమాని వరదరాజులు మంచివాడే గానీ, తొందర ఎక్కువ. "మెమరీ మొత్తం తుడిచి పడెయ్యి మునీశ్వరీ. పాత లెక్క లేకుంటే పాత పేరు యాడి నుంచి వస్తాది?"

"అప్పుడు పేరు రాదు సార్. ఖాళీ వస్తాది. ఆ ఊళ్లో ఖాళీ అంటే ఇంకా భయం" అంది ఆమె. "అదీగాక వెంకటప్ప పోసిన పాలు యాడికి పోతాండాయి? ఆయన లెక్క రాయకుండా పోతాండాది. ఆ జబ్బు అట్లనే ఉంటాది."

"మరి నీ టేబులు మీద యాల రాలేదు?"

తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, ఆమె పెట్టెలో మళ్లీ నీళ్లు పోసి తూచింది. అన్నం ముందు కూర్చున్నా, తల దువ్వుకుంటున్నా, ఆ ఎర్రావు నుదుటి మచ్చే కనబడేది. పొద్దున చలికి మెలకువ వస్తే, ఈపాటికి అక్కడ స్పీకరు పలికి ఉంటుందని తోచేది. తప్పు దొరకకపోతే? అసలు తప్పే లేకపోతే? ఆ రెండో ప్రశ్న మనసులోకి వచ్చిన ప్రతిసారీ లేచి మొహం కడుక్కునేది. యంత్రాలు తయారుచేసే మనిషికి రాకూడని ప్రశ్న అది. వచ్చింది మరి, ఏం చేస్తుంది?

అమావాస్య దగ్గరపడుతుండగా వరదరాజులు ఆమెను కుప్పం పంపాడు. అక్కడి సెంటరులో తూకం కాటా మొరాయిస్తోందని ఫిర్యాదు. పనిలో పనిగా మనసు కూడా మళ్లుతుందని ఆయన ఉద్దేశం. కాటాలో ఇరుక్కున్న గడ్డిపరకలు తీసి, మర బిగించి, చేతులు కడుక్కుంటూ మునీశ్వరి ఊరికే అడిగింది, పేర్లు సరిగ్గా చెబుతోందా అని.

అక్కడి సెక్రెటరీ శివకుమార్ చెయ్యి ఊపేశాడు. "అదొక తిక్క మిషను మేడమ్. సలి పొద్దుల్లో మొదట పోసినోళ్ల పేరు తప్పు సెప్తాది. ఒకనాడు ఇందిరమ్మ అంటాది, ఒకనాడు జయచంద్ర అంటాది. తిట్టి, మళ్లా నొక్కితే సరిగ్గా సెప్తాది. దాన్ని గురించి యాల ఫోన్ సేసేదని ఊరికే ఉండాం."

చేతులు తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది మునీశ్వరి.

"ఈడ బోణీ ఎవరు సేస్తారన్నా?"

"బోణీ ఏంది? ఎవురు ముందొస్తే వాళ్లు పోస్తారు. అంత టైం ఎవురికుండాది?"

ఆమె అక్కడే గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయింది. అదే జబ్బు, రెండు ఊళ్లు. కుప్పంలో రోజుకొకరు ముందు వస్తారు కాబట్టి రోజుకొక పేరు వచ్చింది. అందుకే అది వాళ్లకు తిక్క మిషను. దిన్నెపల్లెలో పోయినేడు చలికాలమంతా ఒక్క మనిషే ముందు పోశాడు. అందుకే అక్కడ అది సిద్దప్ప.

ఆ యంత్రం మెమరీ ఎలా ఉంటుందంటే, ఏడాదిలో ప్రతి తేదీకీ ఒక అర ఉంటుంది. అరలో, పోసిన వరుసలో, మనిషికొక గడి. మళ్లీ ఏడాదికి అదే తేదీ వచ్చినప్పుడు, పాత గడి తుడిచి కొత్త లెక్క రాయాలి. రాసింది వెనక్కి చదువుకుని, ఆ చదివిందే పలకాలి. తుడవడం జరగకపోతే, రాయడమూ జరగదు. పోయినేడు అదే తేదీన ఆ గడిలో ఉన్నవాడి పేరే బయటికి వస్తుంది. దిన్నెపల్లెలో ఇంకా తుడవని ప్రతి అరలోనూ మొదటి గడి సిద్దప్పదే. మునీశ్వరికి చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. సాయంత్రం గొర్రెలు దొడ్లోకి దూరుతుంటే నాయన పేర్లు పెట్టి పిలిచేవాడు. చచ్చిపోయిన గొర్రె పేరు కూడా, అది నడిచే చోటు వచ్చేసరికి నోట్లోంచి జారిపోయేది. అమ్మ విని, అట్ల పిలవొద్దని కసిరేది. నాయన నాలుక కరుచుకునేవాడు.

మరి తుడవడం ఎందుకు జరగడం లేదు? మొదటి గడి దగ్గర మాత్రమే, చలి పొద్దున మాత్రమే ఎందుకు? బ్యాటరీ ఆదా కోసం ఆ మెమరీ చిప్పును రాత్రంతా నిద్రపుచ్చుతారు. మొదటి లెక్క రాసేటప్పుడే దానికి కరెంటు ఇచ్చి లేపుతారు. తర్వాత సెంటరు మూసేదాకా అది మెలకువగానే ఉంటుంది. ఆమె టేబులు మీద పెట్టెకైతే గోడ ప్లగ్గు నుంచి కరెంటు. దానికసలు నిద్రే లేదు.

మరునాడు మధ్యాహ్నం ఆమె బ్యాటరీతో సహా పెట్టెను ఎత్తుకుని, ఆఫీసు కింద ఉన్న జ్యూసు షాపుకు వెళ్లింది. షాపు సుష్మది. మునీశ్వరికి స్నేహితురాలే. ద్రాక్ష, దానిమ్మ బయటికి తీయించి, ఫ్రిజ్జులో పెట్టెను పెట్టించింది. సుష్మ నడుం మీద చెయ్యి వేసుకుని, "జ్యూసు తాగిస్తాండావా దానికి?" అంది. పెట్టె బాగా చల్లబడ్డాక, మునీశ్వరి తలుపు సందులోంచి చెయ్యి పెట్టి వెంకటప్ప నంబరు నొక్కి, తలుపు మూసింది.

ఫ్రిజ్జులోంచి ప్రమీల గొంతు వచ్చింది. "సిద్దప్ప. నాలుగు లీటర్లు."

సుష్మ చేతిలో గ్లాసు జారి పగిలింది. ఎందుకొచ్చిందో తెలిసి కూడా, తనే రప్పించి కూడా, మునీశ్వరికి ఒళ్లు గగుర్పొడిచింది. పట్టపగలు, రోడ్డు మీద ఆటోలు తిరుగుతుండగా, ఆమె ఫ్రిజ్జుకు వీపు ఆనించి నిలబడింది. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. దొరికినందుకు సంతోషమో, ఇంకేమిటో ఆమెకే అర్థం కాలేదు.

వానల్లో కంపెనీ అన్ని యంత్రాలకూ కొత్త రకం పవర్ బోర్డు వేయించింది. చలిలో అది కరెంటును కాస్త నిదానంగా ఇస్తుంది. చిప్పు నిద్రలేచేసరికి రెప్పపాటు ఆలస్యం అవుతోంది. చిప్పుకు పని చెప్పే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. ఆ డ్రైవర్ పాత బోర్డు కాలంలో రాసింది. ఇంతసేపు ఆగితే లేచి ఉంటుందిలే అని లెక్కవేసుకుని, "తుడువు, రాయి" అని చెప్పి తన దారిన పోతోంది. చిప్పు ఇంకా మగతలోనే ఉంది. వినలేదు. చదవమనేసరికి లేచి, గడిలో ఉన్న పాత పేరే అందిస్తోంది. రెండో మనిషి వచ్చేసరికి పూర్తిగా మెలకువగా ఉంటోంది. అంతే. ఒక ఊరి భయం, ఒక ఆవు, ఒక ఆడమనిషి బతుకు, ఆ రెప్పపాటులో ఇరుక్కున్నాయి.

మునీశ్వరి డ్రైవరును మార్చింది. ఇక అది కాలం లెక్కపెట్టదు. లేచావా అని అడుగుతుంది. లేచానని చిప్పు చెప్పేదాకా అడుగుతూనే ఉంటుంది. తుడవమని చెప్పి, తుడిచావా అని అడుగుతుంది. రాసింది చదివి, తాను చెప్పిందే రాసిందా లేదా అని సరిచూసుకున్నాకే పేరు పలుకుతుంది. ఫ్రిజ్జులో పెట్టి, మళ్లీ మళ్లీ నొక్కింది. ప్రతిసారీ వెంకటప్ప అనే పలికింది.

అమావాస్య ముందు రోజు పొద్దున ఆమె దిన్నెపల్లె సెంటరులో ఉంది. యంత్రంలో కొత్త ప్రోగ్రాము ఎక్కించి, అంతదాకా తప్పిపోయిన వెంకటప్ప లెక్కలను ఆయా గడుల్లో రాసేసింది. చలి కొరికేస్తోంది. ఆమె రమ్మంటే రెడ్డెమ్మ కూడా వచ్చింది. వరుసలో కాకుండా, గోడ పక్కన క్యాను కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడింది. కుప్పం, ఫ్రిజ్జు, నిద్రమత్తు చిప్పు, అన్నీ మునీశ్వరి వాళ్ల మాటల్లోనే చెప్పింది. కొందరు తలూపారు. కొందరు యంత్రం వంకే చూస్తున్నారు.

"అయితే సిద్దప్ప రాలేదంటావు" అన్నాడు వెంకటప్ప.

"రాలేదప్పా. పోయినేడు ఆయన పోసిన లెక్క తుడవకుండా ఉండిపోయింది. దాన్నే మిషను సదివింది. ఇంగ సదవదు. ఈ పొద్దు మొదట పోసేవాళ్ల పాలు పడంగానే, పోయినేడు ఇదే రోజుది తుడుసుకు పోతాది."

వెంకటప్ప హమ్మయ్య అనుకుంటూ క్యాను ఎత్తబోయాడు. అప్పుడు గోడ దగ్గర నుంచి రెడ్డెమ్మ గొంతు వచ్చింది.

"అమ్మా, అంటే ఆయప్ప ఇంగా దాన్లో ఉండాడా?"

మునీశ్వరి ఈ ప్రశ్న ఊహించలేదు. అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది. "ఉండాడమ్మా. ఈ పొద్దు మొదలుకొని, ఆయన పోయిన రోజు దాకా. రోజుకొకటి తుడుసుకు పోతాది."

రెడ్డెమ్మ క్యాను పట్టుకుని ముందుకు నడిచింది. "అట్లయితే ఆయప్పను తుడిసేది ఇంగొకరి పాలు యాల? నా పాలు పొయ్యనీండి."

మొగుడు పోయిన మనిషి చేత బోణీ చేయిస్తారా? ఆ ఊళ్లోనే కాదు, ఆ చుట్టుపక్కల ఏ అంగట్లోనూ చేయించరు. ప్రమీల వెంకటప్ప మొహం చూసింది. వరుసలో వెనక ఎవరో సణిగారు. వెంకటప్ప ఎత్తిన క్యానును కింద పెట్టి, కాలితో మెల్లగా వెనక్కి జరిపాడు.

"పొయ్యి వదినా" అన్నాడు. "ఆయన బోణీ నీదే."

పాలు పడ్డాయి. యంత్రం కాసేపు ఆగింది. లోపల డ్రైవరు అడుగుతోందని, చిప్పు లేస్తోందని, పాత గడి తుడుచుకుపోతోందని మునీశ్వరి ఒక్కదానికే తెలుసు. "రెడ్డెమ్మ. నాలుగు లీటర్లు" అంది స్పీకరు. రెడ్డెమ్మ కదల్లేదు. ఇంకో పేరు కూడా వస్తుందేమోనన్నట్టు చెవి అటే పెట్టి నిలబడింది. రాలేదు.

"పోయినాడా?" అని అడిగింది.

"ఈ పొద్దుటికి పోయినాడమ్మా" అంది మునీశ్వరి. రెడ్డెమ్మ కొంగుతో యంత్రం మీద చిందిన పాలచుక్క తుడిచి, ఖాళీ క్యాను చంకన పెట్టుకుని ఇంటికి పోయింది. కుప్పం దళారికి ఆ మధ్యాహ్నమే రావద్దని కబురు వెళ్లింది.

ఆ తర్వాత రోజూ పొద్దున రెడ్డెమ్మే ముందు పోసేది. ఒక్క పూట కూడా మానలేదు. జ్వరమొచ్చిన రోజు కూడా, దుప్పటి కప్పుకుని వచ్చిందట. పాలు విరగలేదు, ఎవరి ఆవుకూ ఏమీ కాలేదు. జనం ఆ చేతికి కూడా అలవాటు పడ్డారు. మునీశ్వరికి మాత్రం మదనపల్లెలో చలికి మెలకువ వచ్చినప్పుడల్లా, ఈపాటికి సిద్దప్ప ఇంకొక పొద్దు తగ్గిపోయి ఉంటాడు అనిపించేది. తాను చేసింది మంచి పనే. అందులో ఆమెకు అనుమానం లేదు. అయినా ఒక మనిషిని రోజుకు కాస్త చొప్పున తుడిచే యంత్రాన్ని తన చేత్తో తయారుచేశానన్న బాధ ఆమెను వదల్లేదు.

శివరాత్రి దాటాక ఒకనాడు పొద్దున ప్రమీల ఫోను చేసింది.

"ఈ పొద్దు రెడ్డెమ్మక్క అందరికన్నా ముందొచ్చిందమ్మా. వొచ్చి, క్యాను తీస్కపోయి వెంకటప్ప క్యాను ఎనక పెట్టింది. ఏమక్కా బోణీ సెయ్యవా అంటే, నిన్నటితో ఆయప్పది అయిపోయింది, ఇంగ మీరే పొయ్యండి, అనింది."